ఉల్లి వేరులో ఊరికే కూర్చున్న కణాలు

ఇంటర్‌లో బైపీసీ చదివిన వాళ్లకు ఉల్లిగడ్డ ప్రాక్టికల్ గుర్తుండే ఉంటుంది. నీళ్లు నింపిన గ్లాసు మూతి మీద గడ్డను కూర్చోబెడితే రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు దిగుతాయి. వాటి కొసలు కోసి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, పైన కవర్‌స్లిప్ పెట్టి బొటనవేలితో అదమాలి. వేలు పక్కకు జరిగిందా, అంతా నలిగి ముద్దయిపోతుంది. నా స్లైడ్లు సగం అలాగే పోయాయి.

కుదిరిన స్లైడులో అందరూ వెతికేది కణంలో డీఎన్ఏను మోసే క్రోమోజోముల కోసమే. ఉల్లికి అవి 16. ఒక కణంలో ఎర్రటి దారపు ముక్కల్లా నడుమ వరస కట్టి ఉంటాయి. పక్క కణంలో ఒక్కొక్కటీ రెండుగా విడిపోయి చెరో కొసకు పోతుంటాయి. వాటిని లాగే పోగులకు మన పాఠ్యపుస్తకాల్లో కండె తంతువులు అని పేరు. నేతగాళ్ల కండెలాగే ఆ అమరిక నడుమ లావుగా, కొసల్లో సన్నగా ఉంటుంది. ఎవరు పెట్టారో గానీ చక్కటి మాట. 1882లో జర్మనీకి చెందిన వాల్తర్ ఫ్లెమింగ్ ఈ కణ విభజనకు పెట్టిన పేరు మైటాసిస్ కూడా గ్రీకులో దారం నుంచి వచ్చిందే.

అయితే స్లైడులో ఇలాంటి కణాలు కొన్నే. మిగతావన్నీ నడుమ గుండ్రటి మచ్చతో ఊరికే కూర్చున్నట్టుంటాయి. రికార్డులో 'అంతర్దశ', అంటే రెండు విభజనల నడుమ కాలం, అని రాసేసి ముందుకెళ్లిపోతాం. ఒకప్పుడు శాస్త్రవేత్తలే దాన్ని విశ్రాంతి దశ అన్నారు. నిజానికి కణం ఒళ్లు వంచి పనిచేసేది అప్పుడే. 24 గంటలకోసారి రెండయ్యే మనిషి కణాన్నే తీసుకుంటే, చీలడానికి పట్టేది సుమారు గంట. అంతకుముందు ఏడెనిమిది గంటలు తన డీఎన్ఏ మొత్తానికి నకలు రాసుకుంటుంది. సాగదీస్తే రెండు మీటర్ల దారం అది. నకలు పూర్తయితేనే పంపకాలు.

నకలు రాయాలంటే డీఎన్ఏ నాలుగు అక్షరాల్లో ఒకటైన థైమిన్ కావాలి. థైమిన్ తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలు నడిపిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తర్వాత దాని పోలికలోనే ఉండే నకిలీలనూ తయారుచేసింది. ఆ నకిలీ వెళ్లి, ఫోలిక్ యాసిడ్‌ను పనికి సిద్ధం చేసే ఎంజైమును పట్టుకుని వదలదు. నకలు ఆగిపోతుంది, దాంతో విభజనా ఆగిపోతుంది. అలాంటి మందే అమినోప్టెరిన్. బ్లడ్ కేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు దాన్ని ఇస్తే 10 మందిలో మెరుగు కనిపించిందని 1948లో బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. ఆ మెరుగు కొన్నాళ్లే నిలిచింది. కానీ అప్పటిదాకా ఆ జబ్బుకు ఆ మాత్రం చేసిన మందే లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.

చిక్కేమిటంటే, ఈ మందుకు తన పర భేదం లేదు. నోటి లోపలి పొర, జుట్టు కుదుళ్లు, ఎముక మజ్జ కూడా ఎప్పుడూ విభజనలోనే ఉంటాయి. కీమోలో నోటిపూత, జుట్టు ఊడటం అందుకే. కడుపులో పిండమైతే చెప్పక్కర్లేదు, దానికి విభజనే బతుకు. గర్భిణికి డాక్టర్లు మెథోట్రెక్సేట్ ఇవ్వరు, తొలి వారాల్లో ఆమె చేతిలో పెట్టేది ఫోలిక్ యాసిడ్ మాత్ర.