రంగులు మారే ఐషాడో పొడి: కొనే ముందు చేయాల్సిన పరీక్ష

విజయనగరంలో ఏ ఫ్యాన్సీ షాపులోనైనా ట్యూబులైటు కింద డబ్బీ మూత తీసి చూడండి. రెండు రంగుల మధ్య మారే డ్యుయోక్రోమ్, వరసగా ఎన్నో రంగులు మారే మల్టీక్రోమ్ రెండూ ఒకేలా తళుక్కుమంటాయి. ట్యూబులైటు వెలుగు నలుమూలల నుంచీ పడుతుంది కాబట్టి ఏ కోణంలో ఏ రంగుందో విడిగా తెలియదు. ఒకే వైపు నుంచి వెలుగు పడాలి. ఫోను టార్చి చాలు.

ఈ మెరుపు అద్దకపు రంగు కాదు. సన్నని అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేస్తారు. శ్రీకూర్మం, కళింగపట్నం తీరాల నల్ల ఇసుకలో దొరికే ఇల్మనైట్ ఈ టైటానియానికే ఖనిజం. పూత మందం సుమారు 50 నానోమీటర్లుంటే వెండి మెరుపు, 70 దగ్గర బంగారు, 120 దగ్గర నీలం, 140 దగ్గర ఆకుపచ్చ. పదార్థం అదే, మందమే వేరు.

డ్యుయోక్రోమ్‌లో సాధారణంగా ఈ రేకులకు ఐరన్ ఆక్సైడ్ లాంటి మామూలు రంగు కలుపుతారు. నెమలికంఠం పట్టుచీరలో పడుగు రంగొకటి, పేక రంగొకటి ఉన్నట్టు, కోణాన్ని బట్టి ఈ రెండిట్లో ఏదో ఒకటి పైకి వస్తుంది, అంతే. మల్టీక్రోమ్ రేకుల్లో సిలికా లాంటి, కాంతిని తక్కువగా వంచే పొర ఉంటుంది. వాలుగా చూసేకొద్దీ పొర పైనుంచి, అడుగునుంచి తిరిగొచ్చే కిరణాల దారి తేడా తగ్గి, రంగు పొట్టి తరంగాల వైపు జరుగుతుంది: ఎరుపు, బంగారు, ఆకుపచ్చ, నీలం, ఊదా. ఊదా తర్వాత మళ్ళీ ఎరుపు రావచ్చు గాని, ఈ వరస తిరగబడదు. రెండు రంగుల మధ్యే ఊగే పొడిని మల్టీక్రోమ్ ధరకు కొనకండి.

పోల్చడానికి నల్ల చార్టు ముక్క, తెల్ల కాగితం పక్కపక్కన పెట్టి, గ్లూ స్టిక్‌తో పలచగా రాయండి. ప్రతి పొడినీ బియ్యపుగింజంత తీసుకుని రెండిటి మీదా వేలితో అద్ది, మిగిలింది ఊదేసి, టార్చి వెలుగులో వాల్చి చూడండి. నీలం మెరిసే రేకు పసుపు కాంతిని కిందికి వదులుతుంది. తెల్ల కాగితం ఆ పసుపును తిప్పికొట్టి నీలాన్ని వెలవెలబోయేలా చేస్తుంది, నలుపు మింగేస్తుంది. చామనఛాయ రెప్పల మీద ఈ పొడులు ఎక్కువ పలికేదీ అందుకే. తెలుపు మీదా గట్టిగా కనబడితే అందులో మామూలు రంగో, కాంతిని వదలని లోహపు రేకులో ఉన్నట్టు.

రెప్పకు వేసేటప్పుడు ముందు కాటుక పెన్సిల్‌ను పలచగా పులిమి, అది ఆరకముందే చదును బ్రష్‌తో అద్దండి. రుద్దితే రేకులు తలోదిక్కుకు తిరిగి రంగు బూడిదగా కనిపిస్తుంది. అడుగున క్రీము మందమైతే మన తీరపు ఉక్కకు గంటలోనే మడతలోకి చేరుతుంది. చెంపల మీద పొడి రాలక మానదు కాబట్టి ఫౌండేషన్‌ను రెప్పల పని అయ్యాకే వేసుకోండి.

రెసిన్ బొమ్మల కోసం అమ్మే అభ్రకం పొడి, చేతిపనుల గ్లిటరు ఎంత చవకైనా కంటికి వద్దు. పెద్ద రేకులు కనుగుడ్డును గీరగలవు. మేకప్ తుడిచే ముందే కాంటాక్ట్ లెన్సులు తీసేయండి. తుడిచేటప్పుడు నూనె క్లెన్సరుతో తడిపిన దూదిని అరనిమిషం రెప్ప మీద ఆనించి, రుద్దకుండా కిందికి లాగండి.