పందికి మత్తు ఇవ్వాలంటే

పిల్లలూ,

పందికి హెర్నియా ఆపరేషన్ చెయ్యాలంటే కుక్కకి వేసే మత్తు సూదే వేసేస్తే సరిపోదా అని అడిగారు కదా. సరిపోదమ్మా. జైలజిన్ అనే మందు ఆవుకి కిలో బరువుకి 0.1 మిల్లీగ్రాము ఇస్తే చాలు, తూలి పడుకుంటుంది. పందికి అదే మందు కిలోకి 2 మిల్లీగ్రాములు పట్టినా ఒక్కోసారి లేచి తిరుగుతూనే ఉంటుంది. పోనీ కెటమిన్ అనే ఇంకో మత్తుమందు ఒక్కటే ఇద్దామా అంటే ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోతుంది, తెలివి వచ్చేటప్పుడు గిలగిలా కొట్టుకుంటుంది. అందుకని కెటమిన్‌కి తోడుగా జైలజినో, కండలు సడలించి మగత తెప్పించే మిడజోలమో, రెండూనో కలుపుతారు. ఈ రెండింటికీ విరుగుడు మందులున్నాయి, కెటమిన్‌కి లేదు, కాబట్టి అది ఎంత తక్కువతో పని జరిగితే అంత మంచిదంటాను నేను. కోత పెట్టే చోట, అక్కడి వరకే మొద్దుబారించే లిగ్నోకెయిన్ మందు కూడా వేస్తే ఆ తగ్గించడం సాధ్యమవుతుంది. కెటమిన్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే చట్టం గట్టి అదుపులో పెట్టిన మందు, పశువుల డాక్టరు తప్ప ఇంకెవరూ ముట్టకూడదు.

మందు పేరు కంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది సూది ఎక్కడ దిగిందన్నదే. పంది చర్మం కింద మందంగా కొవ్వు ఉంటుంది, పొట్టి సూది వేస్తే మందు ఆ కొవ్వులోనే ఉండిపోయి రక్తంలోకి చాలా నెమ్మదిగా చేరుతుంది. పది నిమిషాలైనా పంది పడుకోలేదని కంగారుపడి మళ్ళీ ఇంకో డోసు పొడుస్తారు, కాసేపటికి రెండూ కలిసి ఎక్కేసరికి ఊపిరి ఆగిపోయే ప్రమాదం వస్తుంది. అందుకే చెవి వెనక మెడ కండలోకి, పెద్ద పందికైతే కనీసం ఒకటిన్నర అంగుళం సూదితో వెయ్యాలి. బరువు కంటితో అంచనా కట్టకుండా తూకం వెయ్యాలి. వేశాక పావుగంట, ఇరవై నిమిషాలు ఎవరూ కదిలించకుండా, అరవకుండా వదిలెయ్యాలి. బెదిరిన పందికి మత్తు సరిగ్గా ఎక్కదు.

పందిని నలుగురు కాళ్ళు పట్టి ఈడుస్తుంటే చూడలేను నేను, అది జాలి ఒక్కటే కాదు. కొన్ని జాతుల పందుల్లో ఒక జన్యులోపం ఉంది, 1991లో దాన్ని గుర్తించారు. అది ఉన్న పందికి హాలోథేన్ లాంటి గ్యాసు మత్తు ఇస్తే కండలు బిగుసుకుని ఒళ్ళు కాలిపోతుంది, ప్రాణమే పోవచ్చు. అలాంటి వాటికి గ్యాసు కంటే సూది మత్తే నయం, కానీ తరిమి తరిమి బెదరగొట్టినా అదే జరగొచ్చు. పైగా పందికి చెమట దాదాపు పట్టదు, మన విశాఖ ఉక్కలో ఎండాకాలం మధ్యాహ్నం మత్తు ఇవ్వడమంటే నేను ఒప్పుకోను, తెల్లవారగానే కానిచ్చెయ్యాలి. మామూలుగా దాని వేడి 39 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, ఆపరేషన్ సాగుతున్నంతసేపూ థర్మామీటరు చూస్తూ, 40 దాటిందంటే తడిగుడ్డ, ఫ్యాను పెట్టాలి. చిన్న పంది పిల్లలకైతే దీనికి తలకిందులుగా ఒళ్ళు చల్లబడిపోయే భయం, వాటికి గోనెసంచి కప్పాలి.

మత్తు దిగి తిన్నగా నిలబడేదాకా మిగతా పందులతో కలపొద్దు, తూలుతున్నదాన్ని అవి కరిచేస్తాయి. మందు ఒంట్లోంచి పోవడానికి డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా మాంసానికి అమ్మొద్దని ఫారం వాళ్ళకి మీరే గట్టిగా చెప్పండి.

ప్రేమతో,
మీ తాతయ్య