లొట్టి దిగిన వేళను బట్టి

తెల్లవారుజామున తాటిచెట్టు మీంచి దించిన లొట్టిలో ఉండేది నీరా, అంటే ఇంకా పులియని తియ్యటి రసం. మధ్యాహ్నానికి అదే లొట్టిలో కల్లు ఉంటుంది. మధ్యలో ఎవరూ ఏమీ కలపక్కర్లేదు. ఎండాకాలంలో కల్లు చలవ చేస్తుందని మన ఊళ్లలో చాలామంది అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో తేలాలంటే ఆ కొద్ది గంటల్లో లొట్టిలో ఏం జరుగుతోందో చూడాలి.

ఆకుల్లో తయారైన చక్కెర గెలకు చేరుతుంది. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి, గెల కొసను కత్తితో పల్చగా గీస్తే రసం చుక్కలు చుక్కలుగా లొట్టిలో పడుతుంది. ఒకసారి గీస్తే సరిపోదు. గాయాన్ని చెట్టే మూసేసుకుంటుంది: రసం పారే నాళాల్లో కాలోజ్ అనే పదార్థం పేరుకుని ధార ఆగిపోతుంది. అందుకే పొద్దునా సాయంత్రం మళ్లీ ఎక్కి, ఇంకో పల్చటి పొర తీయాలి. ప్రాణాలకు తెగించి చేసే ఈ పనికి గిట్టే డబ్బు చాలా తక్కువ.

అప్పుడే దించిన నీరా నీళ్లలా తేటగా, తియ్యగా ఉంటుంది. అందులో నూటికి పది పాళ్లకు పైగా చక్కెరే, ముఖ్యంగా సుక్రోజ్. గాలిలోంచి, పురుగుల కాళ్ల మీంచి, పాత లొట్టి గోడల నుంచి ఈస్ట్, బ్యాక్టీరియా అందులోకి చేరతాయి. ఈస్ట్ సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి, వాటి నుంచి ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ తయారుచేస్తుంది. నురగ ఆ వాయువుదే. జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఈ పనిలో చెయ్యేస్తుంది. లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియా పులుపు తెస్తుంది. కల్లుకు ఆ పాల రంగు ఎక్కడిదంటే, తేటగా ఉన్న రసంలో కోట్ల కొద్దీ పెరిగి తేలుతున్న ఈ సూక్ష్మజీవులదే! ఇంకా వదిలేస్తే ఆల్కహాల్ కాస్తా ఎసిటిక్ ఆమ్లమై, కల్లు వెనిగర్‌గా మారుతుంది.

ఇదంతా ఎండ వేడికి ఇంకా జోరందుకుంటుంది. నీరాను నీరాగానే ఉంచాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి, లేదా దించిన వెంటనే చల్లబరచాలి. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023 మే నెలలో మొదలైన నీరా కేఫ్ లాంటి చోట్ల అసలు కష్టమంతా చెట్టు నుంచి గ్లాసు దాకా ఆ చల్లదనం తప్పకుండా చూడటంలోనే ఉంది.

ఇక చలవ సంగతి. నీరాలో నీళ్లున్నాయి, పొటాషియం ఉంది. కానీ చెమటతో మనం ఎక్కువగా పోగొట్టుకునే సోడియం తక్కువే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు తాగించే ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటే, లీటరు నీరాలో చక్కెర వంద గ్రాములు దాటుతుంది. రుచికి ఓ గ్లాసు తాగడం వేరు, వడదెబ్బకు మందనుకోవడం వేరు. షుగర్ ఉన్నవాళ్లు ఆలోచించి తాగాలి. కల్లుతో ఇంకో చిక్కుంది. ఒంట్లో నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను ఆల్కహాల్ తగ్గిస్తుంది. దాంతో తాగిన నీళ్లలో కొంత మూత్రంగా పోతుంది.

అసలు భయం మాత్రం కల్తీతోనే. తాటిచెట్లు, ఈతచెట్లు లేని పట్నంలో ఏడాది పొడవునా కల్లు కాంపౌండ్లు నడవాలంటే అంత కల్లు ఎక్కడిది? క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎన్నోసార్లు పట్టుబడింది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. రోజూ ఇలాంటిది తాగి ఒక్కసారిగా ఆపేసిన వాళ్లకు ఫిట్స్ రావచ్చు, వాళ్లు వింతగా ప్రవర్తించవచ్చు. కల్లు మానినందుకే ఇలా అయిందని ఇంట్లోవాళ్లు మళ్లీ తాగిస్తారు. శరీరం అడుగుతున్నది కల్లును కాదు, అందులో కలిపిన మత్తుమందును. అలాంటి వాళ్లను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తాగదలిస్తే చెట్లున్న ఊళ్లో, గీసిన మనిషి చేతి నుంచే, పొద్దున్నే తాగండి. లొట్టి ఎప్పుడు దించావని అడగండి. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి వచ్చినప్పుడైతే ఉప్పేసిన పల్చటి మజ్జిగ మేలు.