ఒకే డబ్బాలోని తెలుపు, రెండు గదుల్లో రెండు ఛాయలు

ఒకే డబ్బాలోని తెల్లరంగును రెండు గదులకు వేయిస్తే దక్షిణపు హాలు వెన్నలా ఉందని, ఉత్తరపు పడకగది మాత్రం నీలం కలిసిన బూడిదలా కనిపిస్తోందని, పెయింటరు ఏమైనా మోసం చేశాడా అని ఒక పాఠకురాలు అడిగారు. మోసమేమీ లేదు. తెల్లగోడ తన మీద పడిన వెలుగును దాదాపు అవే పాళ్ళలో తిప్పి పంపుతుంది. ఉత్తరపు కిటికీలోంచి వచ్చేది ఎక్కువగా ఎండ కాదు, నీలం పాలు హెచ్చుగా ఉన్న ఆకాశపు వెలుగు. అలాగని, ఉత్తరపు గదికి ఎండే రాదనుకుని చెప్పే చలిదేశాల సలహాలను యథాతథంగా పాటించకూడదు. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కనుక మే రెండో వారం నుంచి ఆగస్టు తొలి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు. గదుల రంగులను వాస్తు ప్రకారం నిర్ణయించేవారు దిక్కును చూస్తారే గాని, ఆ దిక్కున వెలుగు ఏ నెలలో ఎలా మారుతుందో చూడరు.

నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది గోడల మధ్య వెలుగు చేసే ప్రయాణం. పసుపు ఛాయ గల ఒక తెలుపు ఎరుపు కాంతిలో 90 శాతాన్ని, నీలంలో 80 శాతాన్ని తిప్పి పంపుతుందనుకుందాం. దుకాణంలో నమూనా ముక్కను చూసినప్పుడు మన కంటికి చేరేది ఒక్కసారి తాకి వచ్చిన వెలుగు. ఆ తేడాను కన్ను పెద్దగా పట్టించుకోదు. గదిలో అదే వెలుగు ఒక గోడ నుంచి మరో గోడకు పోతుంది: రెండో తాకిడికి 81, 64 శాతాలు మిగులుతాయి, మూడో దానికి 73, 51. నమూనాలో కనీకనిపించని పసుపు మూలల్లో చిక్కబడేది ఇందువల్లనే. ఎర్రటి నేల, కిటికీ బయటి వేపచెట్టు కూడా ఈ ప్రయాణంలో తమ రంగును కలుపుతాయి.

నేటి రంగులకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడు అనే పొడి వక్రీభవన గుణకం (వెలుగును ఎంతగా వంచుతుందో చెప్పే కొలత) సుమారు 2.7, దాన్ని పట్టి ఉంచే జిగురుది 1.5 దరిదాపు. ఇంత అంతరం ఉండబట్టే పలుచని పూత కూడా వెలుగును బలంగా చెదరగొడుతుంది. అయితే టైటానియం డయాక్సైడు ఊదా కాంతిని కొంత పీల్చుకుని కాస్త పసుపుగా ఉంటుంది. సున్నంలో నీలిమందు కలిపిన మన పెద్దలు ఇలాంటి పసుపునే విరిచారు. నీలిమందు వల్ల గోడ తిప్పి పంపే వెలుగు కొద్దిగా తగ్గినా, కంటికి మరింత తెల్లగా తోస్తుంది.

కాబట్టి ఉత్తరపు గదికి రవ్వంత పసుపు కలిసిన తెలుపును, సాయంత్రపు ఎండ పడే పడమటి గదికి ఏ ఛాయా లేని తెలుపును ముందుగా పరీక్షించాలి. రెండు అట్టలకు రంగు వేసి, తెరిచిన పుస్తకంలా ఎదురెదురుగా నిలబెడితే వాటి మడత లోపల గది మూలలో రాబోయే ఛాయ ముందే కనిపిస్తుంది. ఆ అట్టలను కిటికీకి దూరంగా ఉంచి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి మీరు నిజంగా వాడే దీపం కింద మరోసారి చూడండి. దీపపు వెలుగు ఛాయను కెల్విన్లలో చెబుతారు: నీలివైపు మొగ్గే 6500 కెల్విన్ల ట్యూబులైటు కింద నచ్చిన తెలుపు, పసుపువైపు మొగ్గే 2700 కెల్విన్ల బల్బు కింద వేరుగా ఉంటుంది.