ఘాట్ రోడ్డు, ఎడమ కాలు: గేరు బండి నేర్చుకునేవాళ్ళ అపోహలు – వాస్తవాలు

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా పొట్టంగి, కోరాపుట్ వైపు బండి నడిపేవాళ్ళలో కొత్తవాళ్ళని ఇట్టే పట్టేయొచ్చు. ఏం జరిగినా ముందు ఎడమ కాలు క్లచ్ మీదికి పోతుంది. ఆ అలవాటుకి మూలం, నేర్చుకునే రోజుల్లో చెవినబడ్డ కొన్ని మాటలే.

అపోహ: దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుంది.

వాస్తవం: కార్బ్యురేటర్ ఉన్న పాత పెట్రోల్ బండ్ల కాలంలో ఈ మాటకి కొంత అర్థం ఉండేది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో బండి గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, ఆర్‌పీఎం (ఇంజిన్ తిరిగే వేగం) ఐడ్లింగ్‌కి, అంటే ఆగిన బండిలో ఇంజిన్ ఊరికే తిరిగే వేగానికి, బాగా పైన ఉన్నంతసేపు ఇంధనం ఆగిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ చేశారా, ఆగిపోకుండా ఉండటానికి ఇంజిన్ మళ్ళీ తాగడం మొదలుపెడుతుంది.

అసలు నష్టం డీజిల్ కాదు. న్యూట్రల్‌లో ఇంజిన్ పట్టు ఉండదు కాబట్టి బండి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ప్రతి మలుపుకీ తొక్కుతూ పోతే డిస్కులు కాగి, ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరుగుతుంది. ఆయిల్‌లో ఆవిరి బుడగలు చేరాక పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి మాత్రం ఆగదు. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తలో కనీసం 205 డిగ్రీలు తట్టుకోవాలి. తేమ పీల్చాక 140 దగ్గరే మరగొచ్చు. రెండేళ్ళకోసారి మార్చమనేది అందుకే. ఇంజిన్ కూడా ఆపేసి దిగేవాళ్ళున్నారు, వాళ్ళ ధైర్యానికో దండం. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది.

దిగుడు మొదలవకముందే సెకండ్‌కో థర్డ్‌కో దించేయండి. ఎక్కడానికి ఏ గేరు పడిందో దిగడానికీ దాదాపు అదే. బ్రేకు గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే వదలండి; కాలు దానిమీదే ఉంచి ఈడ్చుకుపోవద్దు.

అపోహ: ఎక్కుడులో ఆగినప్పుడు హాఫ్ క్లచ్‌లో (క్లచ్ సగం వదిలి) నిలబెట్టగలిగితేనే పనితనం.

వాస్తవం: అది క్లచ్ ప్లేటుని అరగదీసే పనితనం. ఇదే దారిలోని కుందులి సంత దగ్గర బండ్లు పాకుతున్నప్పుడు వచ్చే కాలిన వాసన చాలాసార్లు దీనిదే. హ్యాండ్ బ్రేకు లాగండి. క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ వేయండి. క్లచ్ మెల్లగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ చప్పుడు బరువెక్కి, బానెట్ కాస్త పైకి లేస్తుంది. కాలు అక్కడే ఆపండి. యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, హ్యాండ్ బ్రేకు దించి, బండి కదిలాక మిగతా క్లచ్ వదలండి. వెనక లారీ హారన్ కొడుతున్నా ఈ వరస మార్చొద్దు. అన్నట్టు, రోడ్డు ఇరుకైతే ఎక్కే బండికి దిగే బండే దారి ఇవ్వాలి; 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ అదే ఉంది.

ప్లేటు అరిగిందని అనుమానమా? చదునైన ఖాళీ స్థలంలో హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, థర్డ్ వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారి చూస్తే చాలు, పదేపదే చేస్తే బాగున్న ప్లేటూ కాలుతుంది.

అపోహ: బ్రేకుతో పాటు క్లచ్ కూడా తొక్కాలి, లేకపోతే ఇంజిన్ ఆగిపోతుంది.

వాస్తవం: ఆగిపోయేది వేగం బాగా పడిపోయాకే. ముందు బ్రేకు. ఇంజిన్ కొట్టుకోబోతోంది అనిపించినప్పుడు క్లచ్. మొదటే తొక్కితే ఇంజిన్ పట్టు పోతుంది. ఊరికే క్లచ్ మీద కాలు ఆనించి నడిపినా క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ అరుగుతుంది. తొక్కినప్పుడు కీచుమంటే అక్కడ చూడండి.

అపోహ: రివర్స్ పడేటప్పుడు గరగర వస్తే గేరుబాక్స్ పోయినట్టే.

వాస్తవం: చాలా బండ్లలో రివర్స్‌కి సింక్రోమెష్ (గేరు పడేముందు రెండువైపుల వేగాన్నీ సమం చేసే ఏర్పాటు) ఉండదు. బండి పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగండి. అప్పటికీ గరగరమంటే, క్లచ్ వదలకుండా ఒకసారి ఫస్ట్ వేసి రివర్స్‌కి మార్చండి. అయినా తగ్గకపోతే గేరుబాక్స్ విప్పించకముందు క్లచ్ పూర్తిగా విడుతోందో లేదో చూపించండి. కేబుల్ సెట్టింగ్‌తో పోయే పని కావచ్చు.