'ఫుల్ ఇన్సూరెన్స్' అనే పాలసీ లేదు: కారు బీమాపై అపోహలు - వాస్తవాలు

ప్రమాదం జరిగిన కారును చూసి నష్టం లెక్కగట్టే సర్వేయర్‌ని నేను. గ్యారేజీలో అడుగుపెట్టగానే వినబడే మాట "మాది ఫుల్ ఇన్సూరెన్సేనండీ" అని. అలాంటి పేరుతో పాలసీ ఏదీ లేదు. ఉన్నవి అవతలివాళ్ల నష్టానికి థర్డ్ పార్టీ, మీ కారుకు జరిగే నష్టానికి ఓన్ డ్యామేజ్, ఈ రెండూ కలిసిన కాంప్రహెన్సివ్. వాటిపైన విడిగా డబ్బు కట్టి తీసుకునే యాడ్-ఆన్‌లు. మీ పాలసీలో ఏవి ఉన్నాయో క్లెయిమ్ రోజున కాదు, ఈరోజే చూసుకోండి.

అపోహ: థర్డ్ పార్టీ ఉంటే చాలు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది దీన్నే. కానీ ఇది మీ కారు వల్ల నష్టపోయిన అవతలివాళ్ల కోసం. ప్రాణనష్టానికి, గాయాలకు ట్రైబ్యునల్ నిర్ణయించిన పరిహారాన్ని కంపెనీ చెల్లిస్తుంది, దానికి గరిష్ఠ పరిమితి లేదు. అవతలివాళ్ల ఆస్తికి మాత్రం 7.5 లక్షల రూపాయల వరకే. మీ కారు నుజ్జయినా, దొంగలు ఎత్తుకెళ్లినా మీకు రూపాయి రాదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. కారు నడుపుతూ చెట్టుకు గుద్దుకుని యజమాని చనిపోతే, తన పాలసీలో తానే థర్డ్ పార్టీ కాలేడు. అప్పుడు ఇంటివాళ్లకు మిగిలేది 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవరే, అదీ చెల్లుబాటయ్యే లైసెన్స్ ఉంటేనే. వేరేచోట అంత కవర్ లేనప్పుడు ప్రీమియం తగ్గుతుందని దీన్ని తీసేయకండి.

అపోహ: కాంప్రహెన్సివ్ ఉంటే బిల్లంతా కంపెనీదే.

మార్చిన ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, టైర్లకు సగం ధర తరుగుదల కింద పోతుంది. అద్దాలకు తరుగుదల లేదు. నేటి కార్లలో బంపర్లు ప్లాస్టిక్‌వే కాబట్టి చిన్న ప్రమాదానికైనా జేబుకు చిల్లు పడుతుంది. జీరో డిప్రిసియేషన్ యాడ్-ఆన్ ఈ కోత లేకుండా చేస్తుంది. అదున్నా ప్రతి క్లెయిమ్‌లో 1500 సీసీ వరకు కారుకు 1,000, ఆపైన 2,000 రూపాయలు మీరే పెట్టుకోవాలి.

అపోహ: వరదకు కవర్ ఉంది కాబట్టి ఇంజిన్‌కీ ఉన్నట్టే.

ఏటా వర్షాకాలంలో ఈ మాట దగ్గరే గొడవ. వరద నష్టం ఓన్ డ్యామేజ్‌లో ఉన్న మాట నిజమే. సీట్లు, కార్పెట్లు, వైరింగ్ తడిసి పాడైతే క్లెయిమ్ చేయొచ్చు. కానీ నీళ్లలో ఆగిన కారును కంగారులో మళ్లీ స్టార్ట్ చేస్తే నీళ్లు సిలిండర్‌లోకి వెళ్తాయి. గాలిలా నీళ్లు నొక్కుకుపోవు. దాంతో పిస్టన్ ఆగిపోయి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇది వరద వల్ల నేరుగా జరిగింది కాదు, ఆ తర్వాత చేసిన పని వల్ల జరిగిన నష్టమంటూ మామూలు పాలసీలో కంపెనీ పక్కన పెడుతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ దీనికోసమే. లోతట్టు ప్రాంతాల్లో ఉండేవాళ్లు దీన్ని తప్పకుండా తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. అదున్నా లేకున్నా, నీళ్లలో ఆగిన కారుకు తాళం తిప్పొద్దు. తోయించి బయటికి తెచ్చి, టోయింగ్‌కి ఫోన్ చేయండి.

అపోహ: ఐడీవీ (పాలసీలో మీ కారుకు కట్టిన విలువ) తగ్గించుకుంటే లాభం.

ప్రీమియం కాస్త తగ్గుతుంది, అంతే. కారు దొంగతనానికి గురైనా, మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటి టోటల్ లాస్ అయినా చేతికొచ్చేది ఆ ఐడీవీ లెక్క ప్రకారమే.

అపోహ: ప్రీమియం కట్టాం కాబట్టి ప్రతి గీతకూ క్లెయిమ్ చేయాలి.

క్లెయిమ్ లేని ఏళ్లకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతంతో మొదలై 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. ఆ ప్రీమియం 12,000 అనుకుంటే, 50 శాతం బోనస్ ఉన్నవాళ్లకు 6,000 మిగులుతుంది. మూడు వేల గీతకు క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది ఆ 6,000 పోయి, బోనస్ మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. కారు అమ్మినా కొత్త కారుకు వాడుకోవచ్చు. పాత కారు కొన్నవాళ్లు మాత్రం 14 రోజుల్లో పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. థర్డ్ పార్టీ దానంతటదే బదిలీ అవుతుంది గానీ ఓన్ డ్యామేజ్ కాదు.