రోడ్డు ఎన్ని అడుగులని కాదు, యాడికి పోతాదని అడగండి: అపోహలు - వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల లేఅవుట్లకి ప్లాన్లు గీసే పని నాది. ప్లాట్ చూసేదానికి వచ్చినోళ్లు అడిగేది రెండే, రోడ్డు ఎన్ని అడుగులు, ఫేసింగ్ ఏంది.

అపోహ: రోడ్డు వెడల్పుంటే ట్రాఫిక్ ఉండదు.

వాస్తవం: రోడ్డు ఇంకో రోడ్డుకి కలవాలబ్బా. మేం చూసేది ఒక్కో జంక్షన్లో ఎన్ని దారులు కలుస్తా ఉండాయి, ఎన్ని రోడ్లు గోడకి కొట్టుకుని ఆగిపోతా ఉండాయి అని. 40 అడుగుల రోడ్డేసి చివర్లో కాంపౌండ్ వాల్ కట్టేస్తే లోపలుండే 200 ఇళ్ల బండ్లూ ఒకే గేట్లోంచి మెయిన్ రోడ్డు మీదకే కదా రావాల. పక్కపక్కనే రెండు వెంచర్లు, మేడెక్కితే అవతలింట్లో ఆరేసిన చీర కనపడతాది, ఆ ఇంటికి పోవాలంటే మాత్రం బండి తీయాల.

అపోహ: పాత ఊరికి ప్లానింగే లేదు.

వాస్తవం: గోవిందరాజ స్వామి గుడి చుట్టూ ఉండే వీధులు ఇరుకే, పండగ రోజైతే చెప్పే పన్లేదు. కానీ ఒక సందు మూసేస్తే ఇంకో సందులో పడి బయటికి రావచ్చు. కొత్త వెంచర్ గేటుకి అడ్డంగా ఒక ఇసుక ట్రాక్టర్ ఆగిందంటే అంతే.

అపోహ: తర్వాత కలుపుకోవచ్చులే.

వాస్తవం: ఇల్లు పడగొట్టి మళ్లీ కడతారు, రోడ్డు గీత మాత్రం అట్లే ఉండిపోతాది. న్యూయార్క్ సిటీలో ఉండే మాన్‌హటన్‌లో 1811లో గీసిన గళ్ల వీధుల్లోనే ఇప్పటికీ తిరగతా ఉండారు. గోడవతల రిజిస్ట్రేషన్లయి ఇళ్లు లేచినాక దారి ఇమ్మంటే ఎవురిస్తారు? ఉత్తరాన శేషాచలం, ఊరి మధ్యన రైలు పట్టాలు, ఆ అడ్డాలు చాలవని మళ్లా మనం గోడలు కట్టుకోవడం.

అపోహ: ఊరు పెరిగితే ఎక్కడైనా ఇంతే.

వాస్తవం: బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ అని ఇద్దరు పరిశోధకులు 2015లో అమెరికా వీధుల లెక్క తీసినారు. ఆడ కొత్త రోడ్లు ఒకదానికొకటి కలవకుండా పోవడం 1990ల మధ్యలో బాగా ముదిరి, ఆ తర్వాత తగ్గింది, అంటే తగ్గించుకోవచ్చనే కదా. వాళ్లే 2020లో ప్రపంచమంతా చూస్తే మాత్రం 1975 నుంచి ఆ జబ్బు పెరగతానే ఉందని తేలింది.

డెడ్ ఎండ్ అయితే పిల్లోళ్లకి సేఫ్ అంటారు, అది కొంత నిజమే. బండ్లని ఆపండి, మనుషుల్ని ఎందుకు ఆపేది? డెన్మార్క్, జర్మనీల్లో కారుకి దారి మూసినా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ సందు వదిలిన చోట్లు చానా ఉండాయి. నేనూ ఒక ప్లాన్లో ఆరడుగుల సందు పెట్టినా, ఓనర్ చూసి "ఎన్ని అంకణాల జాగా పోతాదో లెక్కేసినావా సామీ" అన్నాడు. ఇప్పుడాడ గోడే ఉంది, ఇటుకలు పీకేసి ఎవరో మనిషి దూరేంత బొక్క కూడా పెట్టుకున్నారు.